పదకొండు వేల మెయిళ్లు, ఒక మిర్చి యార్డు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటు ఉంటే దిద్దండి. విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థ ఆఫీసులో ఆరేళ్లుగా ఉన్నారు. ఇన్‌బాక్స్‌లో 11,400 మెయిళ్లు పేరుకున్నాయి, వాటిలో మూడు వేల పైచిలుకు తెరవనే లేదు. రోజుకు ఎనభై దాకా వస్తున్నాయి. ఒకసారి పట్టుదలగా ముప్పై రెండు ఫోల్డర్లు పెట్టి సర్దడం మొదలుపెట్టారు, రెండు నెలలకు వదిలేశారు. మీ ఎండీ గారు ఒకే విషయం మీద మూడు మెయిళ్లు పెడతారు. ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంచుకోవడం మన ఆఫీసుల్లో నిజంగా అయ్యే పనేనా, లేక వినడానికి బాగుండే మాటేనా అన్నది మీ ప్రశ్న.

అయ్యే పనే. నేను గుంటూరులో మిర్చి ఎగుమతి పత్రాల పని ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు ఊపిరాడదు. కొనుగోలుదారు, కస్టమ్స్ బ్రోకరు, ఓడ కంపెనీ, బ్యాంకు, ల్యాబు, కోల్డ్ స్టోరేజీ, ఆడిటరు అందరూ కలిసి రోజుకు నూట యాభైకి తక్కువ కాకుండా పంపుతారు. సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి బయలుదేరేటప్పుడు నా ఇన్‌బాక్స్ వారంలో నాలుగు రోజులు ఖాళీగా ఉంటుంది. మిగిలిన రెండు రోజులు పదో పదిహేనో ఉండిపోతాయి, వాటికోసం నిద్ర పాడుచేసుకోను. ప్రతిరోజూ సున్నాయే అని ఎవరైనా అంటే వారికి మెయిళ్లయినా తక్కువ వస్తూ ఉండాలి, పక్కన సహాయకుడైనా ఉండాలి.

నాకీ పద్ధతి అబ్బింది తెలివితో కాదు, దెబ్బ తిని. 2011లో ఒక కంటైనరు తేజ రకం మిర్చి పంపుతున్నాం. శుక్రవారం సాయంత్రం ఓడ కంపెనీ ఏజెంటు నుంచి బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్, సరుకు ఓడకు అందిందని ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) ముసాయిదా వచ్చింది. రాత్రిలోగా దిద్దుబాట్లు చెప్పకపోతే ఇదే ఖాయం చేస్తామని కింద ఒక వాక్యం ఉంది. తెరిచాను, చదివాను. పొద్దున్నే ప్రశాంతంగా సరిచూద్దామని మూసేశాను. అప్పటికి నా ఇన్‌బాక్స్‌లో ఆరు వేలున్నాయి. తెల్లవారేసరికి దాని మీద ఇంకో అరవై పడ్డాయి, అది రెండో పేజీకి జారింది, నా తలలోంచి కూడా జారింది. సరుకు అందుకునే కంపెనీ పేరులో ఒక్క అక్షరం తప్పుంది. కొనుగోలుదారు బ్యాంకు, డబ్బు చెల్లిస్తానని తాను ఇచ్చిన హామీ పత్రం లెటర్ ఆఫ్ క్రెడిట్‌తో పోల్చి చూసి పత్రాలు తిప్పిపంపింది. సవరణకు రుసుము కట్టాం. కొత్త బీఎల్ చేరేదాకా కంటైనరు అవతలి రేవులో పన్నెండు రోజులు కూర్చుంది. రోజుకింత అని దాని అద్దె, గడువు దాటి ఉంచినందుకు వేసే డెమరేజీ మా నెత్తినే పడ్డాయి.

ఆ తర్వాత చాలా రోజులు నన్ను తొలిచిన సంగతి ఒకటే: ఆ మెయిల్‌ను నేను చదివాను. చూడక తప్పిపోయి ఉంటే మెయిళ్లు ఎక్కువయ్యాయని సర్దిచెప్పుకునేవాణ్ణి. చదివి, ఏం చేయాలో తేల్చకుండా, తీసినచోటే పెట్టేశాను. మీ 11,400లో తెరవని మూడు వేల గురించి మీరు బెంగపడుతున్నారు. నేనైతే తెరిచి వదిలేసిన ఎనిమిది వేల గురించి బెంగపడతాను.

మా ఊరి మిర్చి యార్డు ఎప్పుడైనా చూశారా? రాత్రంతా లారీలు దిగుతాయి. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి. పొద్దున్నే టిక్కీల (మిర్చి బస్తాల) మూతులు విప్పి మచ్చు చూపిస్తారు. కొనేవారు గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తారు, ఒకటి విరిచి తేమ చూస్తారు, ఘాటుకు తుమ్ముతూనే ధర చెప్తారు. ధర తెగితే కాటా, కాటా కాగానే లారీ. సాయంత్రానికి ఆ స్థలం ఖాళీ అయితేనే రాత్రికి వచ్చే లారీలకు చోటు. దాచాల్సిన సరుకు కోల్డ్ స్టోరేజీకి పోతుంది, యార్డులో ఎవరూ దాచుకోరు. ఎత్తుబడి కాని టిక్కీలు పేరుకుపోతే ఏం చేస్తారో తెలుసా, యార్డుకే సెలవు ప్రకటిస్తారు. కొత్త సరుకు తేవద్దని రైతులకు చెప్పి ఉన్నదాన్ని వదిలించుకుంటారు.

ఇన్‌బాక్స్‌ను నేను అలాగే చూస్తాను. అది మచ్చు చూసి ధర తేల్చే స్థలం. మీరు అందులోనే దాచుకుంటున్నారు, అందులోనే వెతుక్కుంటున్నారు, చేయాల్సిన పనుల జాబితా కూడా అందులోనే నడుపుతున్నారు. ఒక్క స్థలానికి మూడు పనులు అప్పగిస్తే ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది.

‘ఇన్‌బాక్స్ జీరో’, అంటే సున్నా ఇన్‌బాక్స్ అనే మాటకు మూలపురుషుడు మెర్లిన్ మాన్ అనే అమెరికన్ రచయిత. 2006లో దాని మీద వరుసగా రాశాడు, 2007లో గూగుల్ ఆఫీసులో ప్రసంగించాడు, అక్కడి నుంచి మాట ప్రపంచమంతా పాకింది. జనం మాత్రం సున్నాను మెయిళ్ల లెక్కగా పట్టుకుని దాని వెంట పరుగెత్తారు. ఆయన ఉద్దేశం వేరు. మన మనసు ఆ పెట్టెలో ఎంతసేపు చిక్కుకుని ఉంటుందో, ఆ సేపును సున్నాకు తేవాలన్నాడు. ఇదే పేరుతో పుస్తకం రాస్తానని ఒప్పుకుని పూర్తి చేయలేకపోయాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక పనిలోకి. ముందు పాత గుట్ట సంగతి తేల్చండి. దీన్ని రోజుకు కొంచెం చొప్పున చేద్దామనుకోకండి. రోజుకు వంద తీసినా ఎనభై కొత్తవి వస్తాయి, ఈ లెక్కన మీకు ఏడాదిన్నర పైనే పడుతుంది. యార్డు సెలవులాగా ఒక్క దెబ్బకు చేయాలి. శనివారం మధ్యాహ్నం గంటన్నర చాలు.

సరిగ్గా నెల రోజుల కిందటి తేదీ తీసుకోండి. జీమెయిల్ అయితే సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషులో ‘ఇన్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ‘ఇన్‌బాక్స్’ అని కొట్టండి. కాస్త ఖాళీ వదిలి ‘బిఫోర్’, మళ్లీ కోలన్, ఆ తర్వాత సంవత్సరం, నెల, తేదీ ఈ వరుసలో, మధ్యలో ఏటవాలు గీతలతో (స్లాష్). మొదటి ముక్క మరిచిపోతే ఎప్పుడో దాచినవి కూడా కలిసి కనిపిస్తాయి. పైనున్న గడి నొక్కితే ఆ పేజీలోనివే ఎంపికవుతాయి. ఈ సెర్చ్‌లో ఉన్న సంభాషణలన్నీ ఎంచుకోమని దాని పక్కనే ఒక వాక్యం వస్తుంది, చాలామంది దాన్ని చూడరు. అది నొక్కి, ‘పాత సరుకు’ అని ఒక లేబుల్ తగిలించి, ఆర్కైవ్ చేయండి. అవుట్‌లుక్‌లో అయితే తేదీ వరుసలో పేర్చి, మొదటిది నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిది నొక్కి, ఆర్కైవ్‌లో పడేయండి.

చెయ్యి వణుకుతుంది. నాకూ వణికింది. కానీ ఆర్కైవ్ అంటే పారేయడం కాదు, ఇన్‌బాక్స్ నుంచి తప్పించి దాచడం. పేరు కొట్టి వెతికితే ఏ మెయిలైనా ఎప్పటిలాగే దొరుకుతుంది. జీమెయిల్‌లో అయితే దాచిన మెయిలుకు ఎవరైనా జవాబిస్తే ఆ సంభాషణంతా దానంతటదే ఇన్‌బాక్స్‌లోకి తిరిగొస్తుంది. నిండా మునిగినవాడికి చలేమిటి అనుకుని నొక్కేయండి.

నొక్కే ముందు ఒక్క జాగ్రత్త. ఆ గుట్టలో నాలుగు రకాల మెయిళ్ల కోసం విడిగా వెతకండి: జీఎస్టీ, ఆదాయపు పన్ను శాఖల నోటీసులు, డ్రగ్ లైసెన్సుకు సంబంధించినవి, బ్యాంకు అప్పు పరిమితుల పునరుద్ధరణ, మీ వ్యాపారంలో ముఖ్యంగా ఫలానా బ్యాచ్ అమ్మకం ఆపమని తయారీ కంపెనీలు పంపినవి. మిర్చిలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) రిపోర్టు తేడా వస్తే ఒక కంటైనరు పోతుంది. మందుల్లో బ్యాచ్ మెయిల్ కనిపించకపోతే పోయేది డబ్బుతో ఆగదు. మిగిలినవాటిలో నెల దాటినా ఎవరూ మళ్లీ అడగని విషయం ఏదైనా ఉంటే అది తనంతట తానే తేలిపోయిందని అర్థం. నేను ఆర్కైవ్‌లో తోసిన ఆరు వేలలో తర్వాత వెతుక్కోవాల్సి వచ్చినవి పదకొండు. రాసిపెట్టుకున్నాను కాబట్టి గుర్తుంది.

తీసేయడం మాత్రం వద్దు, ప్రకటనలు తప్ప. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలూ రికార్డులూ వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంపెనీల చట్టం ఖాతా పుస్తకాలను వోచర్లతో సహా ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. మీ బిల్లులూ క్రెడిట్ నోట్లూ మెయిళ్లలోనే వస్తుంటే అవీ ఆ లెక్కలోకి వస్తాయి. ఇంకోమాట, జీమెయిల్‌లో చెత్తబుట్టలో పడినవి 30 రోజుల తర్వాత మాయమవుతాయి, ఆ తర్వాత ఏడ్చినా రావు. చోటు నిండిపోతోందని హెచ్చరిక వస్తుంటే ‘లార్జర్’ అని కొట్టి, కోలన్ పెట్టి, 10 పక్కన ఇంగ్లీషు ఎమ్ అక్షరం కొట్టి వెతకండి. పది ఎంబీకి పైబడ్డవి వరుసగా వస్తాయి. మా ఆఫీసులో అవన్నీ పండగ శుభాకాంక్షల వీడియోలే అని తేలింది.

ఇప్పుడు మీ దగ్గర నెల రోజులవి మిగిలాయి, సుమారు రెండు వేలు. వీటిని ఒక్కొక్కటిగా కాకుండా పంపినవారి పేరు పట్టుకుని తీయండి. కొరియర్ సమాచారం, బ్యాంకు అలర్టులు, సెమినార్ల ఆహ్వానాలు, ఎప్పుడో ఒకసారి కొన్న సాఫ్ట్‌వేర్ వారి వార్తాలేఖలు. గంపగుత్తగా పోతాయి. చందా మెయిళ్లకు అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి, అయితే పేరే ఎరగని చోటి నుంచి వచ్చినదైతే అది కూడా నొక్కకుండా స్పామ్‌లో వేయండి. మనుషులు రాసినవి మూడు నాలుగు వందలకు మించి మిగలవు. అవి మాత్రం చదవాల్సిందే, దానికి దొడ్డిదారి లేదు.

మీ ముప్పై రెండు ఫోల్డర్ల సంగతి. అవి కాగితపు ఫైళ్ల కాలం అలవాటు. ఒక మెయిల్‌లో ఒక తయారీదారు బిల్లూ, దానికి జీఎస్టీ తేడా గురించి ఒక ప్రశ్నా, వచ్చే నెల టార్గెట్ల మాటా ఉన్నాయనుకోండి, ఏ ఫోల్డరులో వేస్తారు? ఆ ఆలోచనకు పట్టే పది క్షణాలే మిమ్మల్ని ఓడించింది. వెతికే సదుపాయం ఇంత బాగున్నాక సర్దాల్సిన అవసరమే చాలామటుకు లేదు. నా దగ్గర మూడే లేబుళ్లు: ‘చేయాలి’, ‘ఎదురుచూపు’, ‘చదవాలి’. మూడోది నిజం చెప్పాలంటే ఒక అబద్ధం. మసాలా బోర్డు సర్క్యులర్లూ, మార్కెట్ నివేదికలూ అందులో వేస్తాను. నెలాఖరున చూస్తే నాలుగోవంతు చదివి ఉంటాను, మిగతాది కళ్లు మూసుకుని ఆర్కైవ్ చేస్తాను. ఆ అబద్ధం వల్ల మిగతా రెండూ శుభ్రంగా ఉంటాయి కాబట్టి కొనసాగిస్తున్నాను.

రోజులో మూడుసార్లు కూర్చుంటాను. తొమ్మిదిన్నరకు, మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం ఐదున్నరకు. మధ్యలో మెయిల్ కిటికీ మూసి ఉంటుంది, ఫోనులో మోత ఉండదు. ఓడ గడువు దగ్గర పడ్డప్పుడు బ్రోకరుకు ఒకే మాట చెప్పి ఉంచాను: గంటలోపు కావాల్సింది ఉంటే ఫోన్ చేయండి, మెయిల్ పెట్టి నేను చూశాననుకోకండి. ఈ ఒక్క మాటతో సగం ఆందోళన పోయింది. మీ దగ్గర కూడా అత్యవసరమైనది ఏ దారిన రావాలో ముందే చెప్పి ఉంచకపోతే మెయిల్ మూయడానికి ధైర్యం చాలదు.

నిన్న పొద్దున్న వచ్చినవి కొన్ని చూపిస్తాను, పద్ధతి దాంతోనే అర్థమవుతుంది. పైనుంచి కిందికి, ఒకటి కూడా దాటవేయకుండా తీస్తాను. కోల్డ్ స్టోరేజీ నుంచి నెల అద్దె బిల్లు: అకౌంట్స్‌కు పంపాను, ఆర్కైవ్. కొనుగోలుదారు ప్యాకింగ్ లిస్టులో నికర బరువు మళ్లీ సరిచూడమన్నాడు: షీటు తెరిచి చూశాను, సరిగ్గానే ఉంది, రెండు వాక్యాల్లో రాశాను, ఆర్కైవ్. ఫైటో సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవనే ధ్రువపత్రం) దరఖాస్తుకు జత చేయాల్సిన కాగితం ఒకటి తక్కువైందని బ్రోకరు: ఆ కాగితం గోదాము మేనేజరు దగ్గర ఉంది, అతనికి మెయిల్ పెట్టి, నేను పంపిన ఆ మెయిలుకు ‘ఎదురుచూపు’ తగిలించాను, బ్రోకరుది ఆర్కైవ్. పదహారు మందికి కాపీ వెళ్లిన మెయిల్‌లో పదో వ్యక్తి ‘గమనించాను’ అని జవాబు: ఆర్కైవ్, నా పేరు మీద పని లేదు. కొత్త దేశానికి మొదటి కన్‌సైన్‌మెంటు నిబంధనలు పంపమని యజమాని: ఇది రెండు గంటల పని, ‘చేయాలి’ లేబుల్ వేసి, డైరీలో మధ్యాహ్నం మూడు గంటలకు రాసుకున్నాను, ఇన్‌బాక్స్ నుంచి తీసేశాను. ఇలా నలభై మూడు మెయిళ్లు, ముప్పై ఐదు నిమిషాలు.

రెండు నిమిషాల్లో అయ్యే పనైతే అప్పటికప్పుడే చేసేయమని డేవిడ్ అలెన్ అనే ఆయన చెప్పిన సూత్రం ఒకటుంది, మీరూ వినే ఉంటారు. మంచిదే, కానీ గుడ్డిగా పట్టుకోకండి. ఎనభై మెయిళ్లు, ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకుంటే 160 నిమిషాలు, పొద్దుటి పూటంతా ఊడ్చుకుపోతుంది. నేను దాన్ని ఒక నిమిషానికి కుదించాను. అంతకు మించినదంతా డైరీలోకే. డైరీలో గంట వేసి రాయని పని ‘చేయాలి’ లేబుల్ కింద కుళ్లిపోతుంది, అప్పుడు ఇన్‌బాక్స్ గుట్ట పేరు మారి అక్కడ లేస్తుంది.

చిన్న సదుపాయాలు మూడు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్లు ఆన్ చేసుకుంటే ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం నొక్కగానే మెయిల్ ఆర్కైవ్‌కు పోతుంది. ఆటో అడ్వాన్స్ కూడా పెట్టుకుంటే ఒకటి పోగానే తర్వాతది తెరుచుకుంటుంది, మళ్లీ జాబితాలోకి వెళ్లి తేలికైనవి ఏరుకునే అవకాశం ఉండదు. మనం ఓడిపోయేది ఆ ఏరుకోవడంలోనే. పంపిన మెయిల్‌ను వెనక్కి పిలిచే గడువును 30 సెకన్లకు పెంచుకోండి. అటాచ్‌మెంటు మరిచిపోయానని నాకు గుర్తొచ్చేది ఎప్పుడూ పంపిన ఏడో సెకనులోనే.

అన్నిటికంటే విలువైనది ఆ ‘ఎదురుచూపు’. మన ఆఫీసుల్లో సగం మెయిళ్లు ఇన్‌బాక్స్‌లో ఉండిపోవడానికి కారణం అవతలివారు. జవాబు రాదు, రాలేదని గుర్తుండటానికి మెయిల్‌ను కళ్లముందు ఉంచుకుంటాం. దాన్ని పక్కన పెట్టడానికి ఒక చోటు ఉండి, ఆ చోటును తప్పకుండా చూస్తామన్న నమ్మకం మనకు ఉంటే చాలు, మనసు వదిలేస్తుంది. నేను సోమవారం, గురువారం పొద్దున్న చూస్తాను. జవాబు వచ్చిన వాటికి లేబుల్ తీసేస్తాను, రానివారికి పాత మెయిల్ మీదే గుర్తుచేస్తూ రాస్తాను. ‘దయచేసి త్వరగా స్పందించగలరు’ అని రాస్తే ఎవరూ కదలరు. ‘బుధవారం నాలుగు గంటలకు కంటైనరు కదులుతుంది, ఆ కాగితం మంగళవారం సాయంత్రంలోగా రాకపోతే ఈ వారం ఓడ తప్పిపోతుంది’ అని రాస్తే కదులుతారు. మీ విషయంలో ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నుల గడువులు ఉండే ఉంటాయి, నెలవారీ దాఖలు చేసేవారైతే. సరఫరాదారుల నుంచి రావాల్సిన బిల్లులకు ఆ తేదీలే మీ చేతిలో కర్ర.

ఫిల్టర్లు పెట్టుకోండి, కానీ పిసినారిలా. కొరియర్, బ్యాంకు అలర్టులు, హాజరు నివేదికలు ఇన్‌బాక్స్ తగలకుండా పోయేలా పెట్టవచ్చు. మనిషి రాసిన మెయిల్‌ను మాత్రం ఏ ఫిల్టరుకూ అప్పగించవద్దు. మా దగ్గర కుర్రాడొకడు కాపీలో తన పేరున్నవన్నీ పక్క ఫోల్డరులో పడేలా పెట్టుకున్నాడు. ఇన్‌బాక్స్ అద్దంలా ఉండేది. ల్యాబు వారికి అలవాటు ఏమిటంటే మేనేజరును పై వరుసలో, పని చేసేవాణ్ణి కాపీలో పెడతారు. మచ్చు ఫలితం వచ్చి ఆరు రోజులు అక్కడే నిద్రపోయింది. ‘నా ఇన్‌బాక్స్‌లోకి రాలేదు సార్’ అన్నాడు, పాపం నిజమే చెప్పాడు. మీరు బ్యాచ్ నిలుపుదల మెయిళ్లకు ఫిల్టరు పెట్టాలనుకుంటే తిరగేసి పెట్టండి: అవి వస్తే నక్షత్రం గుర్తుతో పైకి తేలాలి.

ఖాళీ చేసే తొందరలో ఒక్కచోట మాత్రం బ్రేకు వేయండి. బ్యాంకు ఖాతా మారిందని వచ్చే మెయిళ్లు. మూడేళ్ల కిందట మాకు పాత సరఫరాదారు పేరుతోనే వచ్చింది, జరుగుతున్న సంభాషణలోనే, మా ఇన్‌వాయిస్ నంబరుతో సహా. ఇకపై డబ్బు కొత్త ఖాతాకు వేయమని ఉంది. నేను దాన్ని అకౌంట్స్‌కు పంపి ఆర్కైవ్ నొక్కబోతున్నాను. మా క్యాషియరు గారు పక్క నుంచి తొంగిచూసి, ‘చిరునామా చూడండి బాబూ, అది ఎమ్ కాదు’ అన్నారు. నిజమే, ఆర్, ఎన్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఆనించి పెడితే ఎమ్‌లా కనిపిస్తున్నాయి. కళ్లద్దాలు పెట్టుకునే ఆయనకు కనిపించింది నాకు కనిపించలేదు. ఖాతా మార్పు అంటే అప్పటి నుంచి మాకు ఒకటే నియమం: ఫోన్ చేసి గొంతు విని నిర్ధారించుకోవాలి, అదీ ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మన దగ్గర పాతగా ఉన్న నంబరుకు. డబ్బు పోయిందని తెలిస్తే గంటలు లెక్కపెట్టకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి బ్యాంకుకు చెప్పాలి.

వాట్సాప్ గురించి మీరు అడగలేదు కానీ అడగబోతారు. ఇన్‌బాక్స్ ఖాళీ చేసి పని అంతా వాట్సాప్‌లో పెట్టుకుంటే ఇల్లు ఊడ్చి వసారాలో పోసినట్టే. బిల్లు ఫొటో తీసి పంపినవారికి ఒకే జవాబు ఇస్తాను: అందింది, మెయిల్ పెట్టండి, పెడితేనే చెల్లింపు వరుసలోకి వస్తుంది. మొదట్లో నొచ్చుకున్నారు. డబ్బు మెయిల్ పెట్టినవారికి ముందు అందడం చూశాక అందరూ నేర్చుకున్నారు. ఇంకో అలవాటు చేయండి, మెయిల్ సబ్జెక్ట్ వరుసలో ‘అర్జంట్’, ‘గుడ్ మార్నింగ్ సార్’ లాంటివి మాని బిల్లు నంబరు, పార్టీ పేరు, ఏం కావాలో ఉంచమనండి. మా దగ్గర ఇన్‌వాయిస్ నంబరుతో మొదలుకాని మెయిల్ ఉండదు. ఫోల్డర్లు లేకుండా బతకగలుగుతున్నది అందుకే.

ఇక మీ ఎండీ గారు. ఒకే విషయానికి మూడు మెయిళ్లు పెట్టే యజమాని చెడ్డవాడు కాదు, మొదటి మెయిల్ ఏమైందో తెలియనివాడు. మనకు ‘ఎదురుచూపు’ లేబుల్ ఉంది, ఆయనకు లేదు. కాబట్టి ఆయన మనకే మళ్లీ మెయిల్ పెట్టి గుర్తు పెట్టుకుంటున్నారు. ప్రతి మెయిలుకూ విడిగా ‘చూస్తాను సార్’ అని రాయడం దీనికి మందు కాదు, దాంతో ఆయన ఇన్‌బాక్స్ కూడా నిండుతుంది. మా యజమానీ అలాంటివారే, నేను చేసింది ఇది. రోజూ ఐదున్నర విడత ముగిశాక ఆయనకు ఒకే మెయిల్, ఏడెనిమిది వరుసలకు మించకుండా. ఈరోజు తేలినవి, తేలనివి, తేలనివి ఎవరి దగ్గర ఆగాయి, ఏ రోజుకు తేలుతాయి. నమస్కారాలూ వివరణలూ ఉండవు. ఆయన ఆ రోజు మూడుసార్లు అడిగిన విషయం ఉంటే దాన్ని మొదటి వరుసలో పెడతాను.

మొదటి వారం ఆయన దాన్ని చూసినట్టే లేదు, మూడు మెయిళ్లు మూడులాగే వచ్చాయి. రెండో వారం రెండయ్యాయి. నెల తిరిగేసరికి పొద్దున్న ఒక్కటి వచ్చి ఊరుకునేది. ఆ తర్వాత ఒక శుక్రవారం మా పాప స్కూలు వార్షికోత్సవం ఉందని ఐదుకే బయలుదేరాను, ఆ మెయిల్ పెట్టడం మరిచిపోయాను. ఆరుంబావుకు, పిల్లలు వేదిక మీద పాట అందుకుంటుండగా, ఫోను మోగింది. ‘ఏమయ్యా, ఇవాళ్టి లెక్క రాలేదు, ఒంట్లో బాగానే ఉందా?’ అన్నారు.